వినబడని పిట్ట

(మన సంఘం వార్షిక సమావేశంలో, మధ్యాహ్న సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల తర్వాత మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కార్యదర్శిగారికి కృతజ్ఞతలు చెప్పాలో నిష్ఠూరమాడాలో తెలియడం లేదు. బొబ్బట్లు తిన్న సభను మేలుకొలిపి ఉంచడం ఎంత కష్టమో ఆయనకు బాగా తెలుసు. "అమెరికా వెళ్ళొచ్చావు గదా, ఏదో ఒకటి చెప్పు" అన్నారు. అమెరికా వెళ్ళివచ్చినవారు ఈ హాల్లోనే సగం మంది ఉన్నారు. నయాగరా జలపాతం ముందు గొడుగు పట్టుకుని నిలబడ్డ ఫోటో మీ అందరి ఇళ్ళలోనూ ఉంది. కనుక ఆ జోలికి పోను. ఒకే ఒక్క రోజు గురించి చెబుతాను. అది 2023 మే నెల ఆఖరి శనివారం. ఆ రోజు నేను అరవై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ ఒకటో తరగతిలో చేరాను. చేరిన రోజునే ఒక పరీక్షలో తప్పాను కూడా. ఆ తప్పిన కథ మీకు పనికివస్తుందనే ఆశతోనే నిలబడ్డాను.

మిత్రులారా, నా సంగతి మీకు తెలియనిది కాదు. 1976లో టెలిఫోన్ శాఖలో చేరి 38 ఏళ్ళు పనిచేశాను. స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీ రోజులు గుర్తున్నాయి కదా! హాలునిండా సెలెక్టర్లు టకటకమంటూ ఉంటే, ఏ ర్యాకులో ఏ సెలెక్టర్ అడ్డం తిరిగిందో చప్పుడును బట్టే చెప్పేవాళ్ళం. తరువాత టెస్ట్ డెస్క్ మీద కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని, ఇది ఎర్త్ ఫాల్టు, ఇది తడిసిన జాయింటు అని చెవితోనే పట్టేవాళ్ళం. అంటే నా బతుకు తెరువు నా చెవి. పదవీ విరమణ చేశాక మోకాళ్ళ మీద, పళ్ళ మీద, చివరికి జ్ఞాపకశక్తి మీద కూడా నాకు అనుమానం వచ్చింది గాని, చెవి మీద మాత్రం ఎప్పుడూ రాలేదు.

మా అబ్బాయి మినియాపొలిస్ దగ్గర ఉంటాడు. అది మిన్నెసోటా రాష్ట్రం. అమెరికాకు ఉత్తరపు అంచు, ఆపైన కెనడా. మేమిద్దరం ఏప్రిల్‌లో వెళ్ళాం. ఉదయం ఎనిమిదింటికల్లా కొడుకూ కోడలూ ఆఫీసులకు, పదకొండేళ్ళ మనవరాలు బడికి వెళ్ళిపోయేవారు. మా శ్రీమతి వంటింట్లో, నేను పెరటి వాకిట్లో. ఈ ఒంటరితనం సంగతి వెళ్ళివచ్చినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ పెరట్లో మనవరాలు గింజల డబ్బా ఒకటి వేలాడదీసింది. దానిమీదికి నల్లటోపీ పెట్టుకున్నట్టుండే బుల్లి పిట్ట ఒకటి వచ్చేది. సాయంత్రం మనవరాలిని అడిగితే "అది చికడీ తాతయ్యా, దాని పేరు అదే చెప్పుకుంటుంది" అంది. నిజమే. చిక్-ఎ-డీ-డీ-డీ అంటుంది. అపాయం ఎంత పెద్దదైతే చివర అన్ని ఎక్కువ డీలు చేరుస్తుందని 2005లో శాస్త్రజ్ఞులు పరిశోధించి తేల్చారట. చూశారా, ఎమర్జెన్సీ కాలుకు ఎమర్జెన్సీ కోడు! టెలిఫోన్ మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆ రోజునుంచి నాకు పిట్టల పిచ్చి పట్టింది.

నా సరదా చూసి మా అబ్బాయి ఒక బైనాక్యులర్స్ కొనిచ్చాడు. దానిమీద 8 ఇంటూ 42 అని ఉంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. మే నెలాఖరులో, "నాన్నా, ఉత్తరాన అడవుల్లోకి వలస పిట్టలు దిగే కాలమిది, మనమూ వెళదాం" అని అయిదుగురినీ కారెక్కించాడు. ఉత్తరంగా రెండున్నర గంటలు ప్రయాణిస్తే డులూత్ అనే ఊరు వస్తుంది. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉంటుంది. వైశాల్యంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు అదే. అవతలి ఒడ్డు కనబడదు. మన సముద్రంలాగే ఉంటుంది, ఉప్పుగాలి మాత్రం ఉండదు.

ఆ ఊరికి వాయవ్యంగా సాక్స్-జిమ్ బాగ్ అనే ప్రదేశం ఉంది. సాక్స్ అని, జిమ్ అని రెండు చిన్న ఊళ్ళు. బాగ్ అంటే ఊబినేల. సుమారు మూడువందల చదరపు మైళ్ళ మేర ఊబి, అడవి, పచ్చికబయళ్ళు కలిసి ఉంటాయి. చలికి, పులుపెక్కిన నీటికి అక్కడ చచ్చిన నాచు కుళ్ళదు. వేల ఏళ్ళుగా పొరమీద పొర పేరుకుంటూ మెత్తటి పరుపులా తయారైంది. కాలు వేస్తే నేల ఊగుతుంది. దానిమీద బ్లాక్ స్ప్రూస్, టామరాక్ అనే సూదులాకుల చెట్లు. తిండి చాలక ఎదగవు. నూరేళ్ళ చెట్టు కూడా మన ముంజేయి మందమే ఉండవచ్చు. చూస్తే పింఛను సవరణ జరగని చెట్లలాగా ఉంటాయి. (నవ్వులు)

ఇంత దూరం, ఇంత చలికి పిట్టలెందుకు వస్తాయని నాకూ సందేహం కలిగింది. కారణం తిండి. అక్కడ వేసవిలో పగలు పదిహేను, పదహారు గంటలు ఉంటుంది. పురుగులూ, దోమలూ కోట్లకొద్దీ పుడతాయి. పిల్లల్ని పెంచడానికి అంతకంటే మంచి చోటు లేదు. అందుకని పది గ్రాముల బరువైనా ఉండని పిట్టలు మధ్య అమెరికానుంచి, దక్షిణ అమెరికానుంచి వేల మైళ్ళు ఎగిరివచ్చి అక్కడ గూళ్ళు కడతాయి. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి తిరుగు ప్రయాణం. మనం కొడుకుల ఇళ్ళకు వెళ్ళిరావడం వాటితో పోలిస్తే ఏ పాటి?

తెల్లవారుజామున నాలుగుంపావుకు బస నుంచి బయలుదేరాం. మే నెలే అయినా ఒళ్ళు వణికే చలి. నేను స్వెట్టరు, దానిమీద కోటు, తలకు మంకీ క్యాపు తగిలించాను. పురుగులు ఎక్కకుండా ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోమన్నారు. అద్దంలో చూసుకుంటే ఎడారిలో దారితప్పిన సిపాయిలా ఉన్నాను. అక్కడ మాకు దారిచూపే ఆవిడ ఎదురైంది. డెబ్బై దాటిన మనిషి. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. మాతోపాటు మరో నలుగురు. ఆవిడ మూడే మూడు నియమాలు చెప్పారు. మొదటిది, వేలు చూపించి అరవకూడదు. రెండోది, పిట్ట కనబడగానే పుస్తకం తెరవకూడదు. పుస్తకం ఎక్కడికీ పోదు, పిట్ట పోతుంది. మూడోది, ముందు వినాలి, తర్వాత చూడాలి. ఆకుల చాటున ఉన్నదాన్ని కన్ను వెతకలేదు, చెవే దారి చూపుతుందన్నారు. మూడో నియమం వినగానే నాకు లోపల గర్వం కలిగింది. చెవి సంగతి మనకు వదిలెయ్యండి అనుకున్నాను.

మొదటి విజయం నాదే. సూర్యోదయానికి కాస్త ముందు అడవిలో దూరంగా డబ్... డబ్... డబ్, డబ్, డబడబడబమని చప్పుడు. మన పల్లెల్లో పొద్దున్నే పొలంలో ఆయిల్ ఇంజను హ్యాండిల్ తిప్పి స్టార్టు చేస్తే ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే. "ఎవరో ఇంజను వేశారు" అన్నాను. పంతులమ్మగారు మెచ్చుకోలుగా చూసి, అది ఇంజను కాదు, రఫ్డ్ గ్రౌస్ అనే అడవికోడి అన్నారు. మగపక్షి పడిపోయిన మాను మీద నిలబడి రెక్కలతో గాలిని కొడుతుందట. మానును తాకనే తాకదు. చాలా మందికి ఆ చప్పుడు చెవికంటే ముందు గుండెలో తెలుస్తుందట. అంత కింది స్థాయి శబ్దం అది. మా మనవరాలికంటే ముందు నేను పట్టాను. నోటుబుక్కులో ఒకటో నెంబరు వేశాను.

తర్వాత వరుసగా వచ్చాయి. గొంతు తెల్లగా ఉండే పిచ్చుక ఒకటి, వైట్ త్రోటెడ్ స్పారో, ఎవరో తీరిగ్గా ఈలవేస్తున్నట్టు పాడింది. ఓవెన్ బర్డ్ అనే పిట్ట "టీచర్, టీచర్, టీచర్" అని పిలిచినట్టే అరుస్తుంది. నేలమీద రొట్టెలపొయ్యి ఆకారంలో గూడు కడుతుంది గనుక ఆ పేరు. మన పంతులమ్మగారు నవ్వి "రిటైరైనా నన్ను వదలదు" అన్నారు. బూడిద రంగు కెనడా జే ఒకటి మా నెత్తిమీది కొమ్మ మీదికే వచ్చి కూర్చుంది. శీతకాలానికి పనికివస్తుందని తిండిని ఉమ్మితో ఉండచేసి, వేలాది చోట్ల చెట్ల బెరడులో దాచుకుంటుందట. పి.ఎఫ్. ఖాతా ఉన్న పక్షి అన్నమాట. మధ్యలో ఒక స్ప్రూస్ కొసన ఉన్నదాన్ని అయిదు నిమిషాలు గురిపెట్టి చూసి పెద్ద పిట్టను పట్టానని సంబరపడ్డాను. అది ఆ చెట్టు కాయ. కొత్తగా చేరినవాడికి అది తప్పదన్నారు.

ఆరున్నర ప్రాంతంలో చెక్కపలకలు పరిచిన కాలిబాట మీద ఊబిలోకి వెళ్ళాం. అందరూ ఒక్కసారిగా ఆగి తలలు పైకెత్తారు. "గోల్డెన్ క్రౌన్డ్ కింగ్లెట్" అన్నారు. ఆరు గ్రాములుండే పిట్ట. మా మనవరాలు "వింటున్నావా తాతయ్యా, అదిగో, సీ సీ సీ అంటోంది" అంది. నాకేమీ వినబడలేదు. మంకీ క్యాపు అడ్డం వచ్చిందనుకున్నాను. తీసేశాను. చెవులకు చలి తగిలింది గాని పాట తగల్లేదు. గాలి హోరు అనుకున్నాను. ఆకు కదలడం లేదు.

మనవరాలి చేతిలో ఫోను ఉంది. అందులో మెర్లిన్ అనే యాప్ ఉంటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధనశాలవారు తయారుచేశారు. ఫోను దానంతటదే వింటూ, ఏ పిట్ట కూస్తుంటే ఆ పిట్ట పేరు తెరమీద వెలిగిస్తుంది. శబ్దాన్ని బట్టి గుర్తించే ఈ ఏర్పాటు 2021లో వచ్చింది. ఆ తెర నావైపు తిప్పి చూపింది. కింగ్లెట్ పేరు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. దానికింద మరో రెండు పేర్లు. నా చుట్టూ మూడు పిట్టలు కూస్తున్నాయని తెర చెబుతోంది. నా చెవులకు మాత్రం నిశ్శబ్దం. మిత్రులారా, 38 ఏళ్ళు ఊరందరి ఫోన్లూ విని బాగుచేసినవాణ్ణి. ఆ రోజు ఒక ఫోను నన్ను పరీక్షించి, ఫాల్టు నీ దగ్గరే ఉందని చెప్పింది.

అయినా మనిషి అంత తేలికగా ఒప్పుకుంటాడా? యాప్ తప్పు చెబుతోందేమోనన్నాను. అప్పుడు వచ్చింది బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్. పద్దెనిమిదో శతాబ్దంలో ఆనా బ్లాక్‌బర్న్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞురాలుండేది, ఆవిడ పేరు దీనికి పెట్టారు. చలికాలం దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల అడవుల్లో గడిపి వస్తుంది. ఇరవై అడుగుల దూరంలో, ఎదురెండలో, కొమ్మ కొసన కూర్చుంది. ఒంటిమీద నలుపు తెలుపు చారలు. గొంతు మాత్రం దీపావళి నాటి మతాబు వెలుగు. అంత చిన్న ప్రాణంలో అంత రంగు ఎలా ఇమిడిందో! బైనాక్యులర్స్‌లో నిండుగా కనబడింది. నా జీవితంలో నేను చూసిన అందమైన వస్తువుల్లో అదొకటి.

అది తల వెనక్కి వాల్చింది. ముక్కు తెరిచింది. గొంతులో ఈకలు గజగజ వణికాయి. పక్కన నిలబడ్డవాళ్ళ ముఖాలు విప్పారాయి. నాకేమీ వినబడలేదు. సౌండు తీసేసిన టీవీలాగా ఉంది. మళ్ళీ పాడింది. మళ్ళీ అంతే. నా కళ్ళముందే, నా కోసమే అన్నట్టు పాడుతున్న పిట్ట పాట నాకు లేదు. ఇక యాప్‌నూ, గాలినీ, మంకీ క్యాపునూ అనడానికి లేకపోయింది.

పంతులమ్మగారు నా ముఖం చూశారు. నా పక్కకు వచ్చి జుట్టు కాస్త వెనక్కి తీశారు. రెండు చెవుల వెనకా రెండు యంత్రాలు. తాను చెప్పిన మాట మీకు చెబుతాను. అరవై నాలుగో ఏట ఆవిడకు అడవి మూగబోయినట్టనిపించిందట. ఈ పిట్టలు రావడం మానేశాయని నాలుగేళ్ళు అందరితో వాదించారట. చివరికి ఒక కుర్రవాడు, "అమ్మా, అవి మీ నెత్తిమీదే పాడుతున్నాయి" అన్నాడట. "అడవిలో లోపమా, నాలో లోపమా అని ముందే పరీక్ష చేయించుకుంటే నాలుగు వసంతాలు దక్కేవి" అన్నారు.

ఇక్కడ మన శాస్త్రం కాస్త చెప్పుకోవాలి. మన లోపలి చెవిలో నత్తగుల్లలాంటి నిర్మాణం ఉంది. అందులో వరసగా సన్నని రోమాలున్న కణాలు. గుల్ల మొదట్లో ఉన్నవి హెచ్చు స్థాయి శబ్దాలను, లోపలి కొసలో ఉన్నవి తగ్గు స్థాయి శబ్దాలను అందుకుంటాయి. వయసుతో మొదట పాడయ్యేవి గుమ్మంలో ఉన్నవే. పోయినవి మళ్ళీ మొలవవు. కనుక గ్రౌస్ డబడబ వినబడుతుంది, కింగ్లెట్ సీసీ పోతుంది. మన భాషలో చెప్పాలంటే, కేబులు పొడుగు పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలే ముందు చస్తాయి కదా! నాది అరవై తొమ్మిదేళ్ళ పొడుగు కేబులు.

మరి ఇన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదు? ఇది మన వాళ్ళందరూ గమనించాలి. టెలిఫోన్ లైనులో మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే వెళుతుందని మనం ట్రైనింగులోనే చదువుకున్నాం. నాకు ఫోనులో అందరి మాటా చక్కగా వినబడేది. అందుచేత నా చెవి భేషుగ్గా ఉందని తీర్మానించుకున్నాను. బ్లాక్‌బర్నియన్ పాట చివర 8000 దాటి పోతుంది. ఆ లైను నా దగ్గర ఎప్పుడో తెగింది. ఫోను దాన్ని అడగదు గనుక నాకు తెలియలేదు. కాని ఇంట్లో మనుషులు మాట్లాడేటప్పుడు స, శ, ఫ లాంటి అక్షరాల పదును పై స్థాయిలోనే ఉంటుంది. అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అప్పుడు మనం ఏమంటాం? "నసుగుతావేం, గట్టిగా చెప్పు" అంటాం.

రెండేళ్ళుగా మా శ్రీమతి ఇదే చెబుతోంది. "ఏమండీ, మీకు సరిగా వినబడటం లేదు" అంటే, "నువ్వు గొణుగుతున్నావు" అనేవాణ్ణి. ఒకసారి బయలుదేరేముందు "తాళం వేశారా?" అంటే "తాలింపు నేనెందుకు వేస్తాను?" అని కోప్పడ్డాను. అందరం నవ్వుకున్నాం. కాని నవ్వుకోలేనిది ఒకటుంది. దాన్ని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

అమెరికా వెళ్ళిన మొదటి వారంలో మనవరాలు నా పక్కన కూర్చుని, బడిలో తన స్నేహితురాలితో వచ్చిన తగవు గురించి చాలాసేపు చెప్పింది. పిల్లల గొంతు సన్నం, మాట వేగం, అందులో సగం ఇంగ్లీషు. నాకు ముక్క కూడా అందలేదు. అడిగితే నామోషీ. తల ఊపుతూ కూర్చున్నాను. చివరికి ఆ పిల్ల "మరి నేనేం చెయ్యాలి తాతయ్యా?" అని అడిగిందట. నేను "చాలా బాగుందమ్మా" అన్నానట. ఆ తర్వాత నాకు తన సంగతులు చెప్పడం మానేసింది. పిట్టల పేర్లు మాత్రం చెప్పేది, ఫోను తెర చూపించి. ఈ సంగతి నాకు ఆ రోజు మధ్యాహ్నం, అడవి బయట గడ్డిమీద కూర్చుని పులిహోర తింటున్నప్పుడు మా కోడలు మెల్లగా చెప్పింది. మెల్లగా అంటే, నాకు వినబడేలా ఎదురుగా కూర్చుని చెప్పింది. దూరంగా శాండ్‌హిల్ కొంగల జంట ఒకటి పచ్చికలో మేస్తోంది. నుదుటిమీద ఎరుపు, మన సారస పక్షికి దగ్గరి చుట్టాలు. వాటిని చూస్తూ కూర్చున్నాను. పులిహోర గొంతు దిగలేదు.

పంతులమ్మగారికి పులిహోర బాగా నచ్చింది, రెండోసారి పెట్టించుకున్నారు. తింటూ అక్కడి పెద్ద గుడ్లగూబ, గ్రేట్ గ్రే ఔల్, గురించి చెప్పారు. రెండడుగుల పైన ఎత్తు, ఒళ్ళంతా ఈకలే, బరువు చూస్తే కిలో చిల్లర. దాని రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవట. ఆ తేడాను బట్టే, మంచు కింద పాకే ఎలుక ఎక్కడుందో చప్పుడుతోనే కనిపెట్టి మంచులోకి దూకి పట్టుకుంటుందట. ఆ రోజు మాకు అది కనబడలేదు. కనబడకపోయినా దాని చెవుల మీద నాకు అసూయ కలిగింది.

సాయంత్రం తిరుగుదారిలో ఒక సరస్సు దగ్గర ఆగాం. మిన్నెసోటాలో పదెకరాలు దాటిన సరస్సులే 11,842 ఉన్నాయి. నీటిమీద కామన్ లూన్ జంట తేలుతోంది. ఆ రాష్ట్ర పక్షి అది. చూపుకు మన చెరువుల్లో బుడబుంగకు పెద్దన్నలా ఉంటుంది. నలుపు తెలుపు గళ్ళ ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. మామూలు పక్షుల ఎముకల్లా దాని ఎముకలు చాలావరకు గుల్లగా ఉండవు, గట్టివి. అందుచేత ఇట్టే మునుగుతుంది. ఎగరాలంటే మాత్రం విమానంలా నీటిమీద చాలా దూరం పరుగెత్తాలి. పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని తిప్పుతుంది.

పిల్లలూ పెద్దలూ అటు వెళ్ళారు. నేనూ మా శ్రీమతీ ఒడ్డున మాను మీద కూర్చున్నాం. అప్పుడు లూన్ కూసింది. దీర్ఘంగా, ఎవరినో పిలుస్తున్నట్టు. అవతలి ఒడ్డునుంచి ఇంకోటి బదులు పలికింది. ఆ కూత తక్కువ స్థాయిది. నాకు మొదటినుంచి చివరిదాకా వినబడింది. ఇద్దరం ఒకేసారి ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ ఏదో అంది. మామూలుగా అయితే "ఊఁ" అని ఊరుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "నాకు వినబడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాను. నలభై ఏళ్ళ పైబడిన సంసారంలో ఆ రెండు మాటలూ కోపం లేకుండా అనడం అదే మొదలు. "ఏం లేదండీ, వెళ్ళగానే చెవులు చూపించుకుందాం అంటున్నాను" అంది.

ఆ రాత్రి నోటుబుక్కు సరిచూశాం. పేజీకి రెండు గడులు గీశాను. చూసినవి 23. మనవరాలు విన్నవి, నేను విననివి 9. ఆ రెండో గడి శీర్షిక ఆ పిల్లే రాసింది, "తాతయ్యకు బాకీ" అని.

తిరిగివచ్చాక చెవి పరీక్ష చేయించుకున్నాను. అరగంట పని. గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా టోన్లు పంపి, వినబడినప్పుడు మీట నొక్కమంటారు. మనం లైన్లకు చేసిన టెస్టే మనకు చేస్తారు. నా గ్రాఫు 2000 వరకు నిలకడగా ఉంది, ఆపైన కొండ దిగినట్టు దిగింది. యంత్రాలు పెట్టుకున్నాను. మొదటి నెల పళ్ళెం చప్పుడు పిడుగులా, కాగితం చప్పుడు వానలా వినబడి విసుగొచ్చింది. చాలా మంది అక్కడే తీసి బీరువాలో పెడతారు. దయచేసి పెట్టకండి. మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. నిజం కూడా చెప్పాలి. యంత్రం పాత చెవిని తిరిగి ఇవ్వదు. 8000 పైన ఉన్న ఆ బ్లాక్‌బర్నియన్ పాట చివరి మెలిక నాకిక దక్కకపోవచ్చు. కాని మాట దక్కింది. మా పెరటి మందార మీద తేనెపిట్ట కూత దక్కింది. అది ఇన్నేళ్ళూ అక్కడే కూస్తోందని నాకు తెలియదు!

ఒక్క మాట మరిచిపోకూడదు. అడవి నిశ్శబ్దమైందని అనిపించినప్పుడు లోపం ఎప్పుడూ మన చెవిదే కాదు. ఉత్తర అమెరికాలో 1970 నాటితో పోలిస్తే దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. నూటికి ఇరవై తొమ్మిది పోయినట్టు. కనుక పిట్టలు నిజంగానే తగ్గుతున్నాయి. అందుకే, ఉన్నవాటినైనా వినగలిగే చెవి మనకు ఉండాలి. ఏవి పోయాయో చెప్పగలిగేది విన్నవాళ్ళే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటినవారిలో నూటికి పాతిక మందికి పైగా ఇబ్బంది పెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంది. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం సరిదిద్దుకోగలిగిన కారణాల్లో ఇదీ ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణులు 2017 నుంచీ చెబుతున్నారు. ఈ హాల్లో నేను లెక్కపెట్టను గాని, ఇందాక అధ్యక్షులవారు జోకు వేసినప్పుడు పక్కవాడు నవ్వాడని నవ్వినవాళ్ళు కొందరున్నారు. నేను చూశాను. ఎందుకంటే అది నేను రెండేళ్ళు చేసిన పనే. (నవ్వులు)

ప్రతి నవంబరులో మనం బతికే ఉన్నామని కాగితం ఇస్తాం. చెవులు బతికి ఉన్నాయా అని ఎవరూ అడగరు. ఈసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన వారంలోనే చెవి పరీక్ష కూడా చేయించుకోండి. ఖర్చు తిరిగి రాబట్టుకునే వీలు ఎవరెవరికి ఉందో కార్యదర్శిగారిని అడగండి, ఆయన ఓపికగా చెబుతారు. కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. మీ ఇంటి పెద్దాయన సంబంధం లేని జవాబు చెబితే నవ్వి ఊరుకోకండి, కోప్పడకండి. ఎదురుగా కూర్చుని, ముఖం చూస్తూ, మళ్ళీ చెప్పండి.

ఇప్పుడు ప్రతి ఆదివారం మనవరాలు వీడియోలో మాట్లాడుతుంది. మొన్న ఆ పాత తగవు సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకున్నాను. ఆ స్నేహితురాళ్ళిద్దరూ ఎప్పుడో కలిసిపోయారు. నా సలహా అవసరం ఇక లేదు. అయినా ఆ పిల్ల పూర్తిగా చెప్పింది, నేను పూర్తిగా విన్నాను. నోటుబుక్కులో బాకీ తొమ్మిదిలో ఒకటి కొట్టేశామని ఇద్దరం ఒప్పుకున్నాం.